పంచాంగము లేని లోకము



ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగు, సంస్కృతము బోధించి, ఉద్యోగవిరమణానంతరము పల్లెలో కాలము గడుపుచున్న నాబోటివాడు ఒక చీనాదేశపు వైజ్ఞానిక కల్పనా నవలను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. మొదట నాకును వింతగానే తోచినది.

గత సంక్రాంతికి మా అమ్మాయి బెంగుళూరునుండి వచ్చుచు మూడు లావుపాటి ఇంగ్లీషు సంపుటములను తెచ్చి నా బల్లమీద నుంచెను. అన్నియు కలిపి సుమారు 1500 పుటలు. "ఇవి నాకేల తల్లీ?" అంటిని. "నాన్నగారూ, ఉగాదినాడు రామాలయములో మీరు పంచాంగము చదివి వినిపింతురు గదా. ఇది పంచాంగము వ్రాసికొనుటకు వీలులేని జనుల కథ. మీరు చదువకున్న నెవరు చదువుదురు?" అనెను. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది.

గ్రంథకర్త పేరు లియూ త్సిషిన్. ఆయన 1963లో జన్మించెను. షాన్సీ రాష్ట్రమున నొక విద్యుత్కేంద్రములో ఇంజనీరుగా పనిచేయుచు ఈ కథ వ్రాసెను. మొదటి సంపుటము పేరు "త్రికాయ సమస్య". అది 2006లో చీనాభాషలో పత్రికాముఖమున వెలువడి, 2008లో గ్రంథరూపము దాల్చినది. రెండవదియగు "అంధకారారణ్యము" 2008లోను, "మృత్యువునకు అంతము" అను మూడవది 2010లోను వెలువడినవి. మొదటి, మూడవ సంపుటములను కెన్ లియూ, రెండవదానిని జోయెల్ మార్టిన్సన్ ఇంగ్లీషులోనికి తెచ్చిరి. ఈ తరగతి నవలలకిచ్చు హ్యూగో బహుమానము 2015లో మొదటి సంపుటమునకు లభించెను. అనువాద నవలకు ఆ బహుమానము వచ్చుట అదియే ప్రథమము.

ఇట్టి గ్రంథమును చదువుట యెట్లు? నా ఇంగ్లీషు నిఘంటువు సాయము లేనిదే సాగదు. చీనా పేళ్ళా నోరు తిరుగవు. కాని మన పెద్దలు మనకు నేర్పిన పఠనపద్ధతియే నన్ను గట్టెక్కించినది. భారతము చదువ నారంభించినప్పుడు వంశవృక్షము వ్రాసికొనునట్లు, ఒక తెల్లకాగితమున పాత్రల పేళ్ళు, వారి బాంధవ్యములు వ్రాసి పుస్తకమున నుంచుకొంటిని. దినమునకు పది పుటలకు మించి చదువలేదు. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును మీలో కొందరు చదివియుందురు. అందు ఒకచోట పడిన ముడి మఱియెచటనో విడును. అంతవఱకు చదువరి ఓర్పు వహింపవలెను. ఆ ఓర్పు అలవడినవానికి ఈ నవల భయము గొలుపదు.

ఇంకొక నియమము పెట్టుకొంటిని. పుస్తకములో వచ్చు విషయములను మూడు బుట్టలలో వేయుచు వచ్చితిని. నిజమైనవి ఒక బుట్ట. నిజము కాదగినవి ఒక బుట్ట. కేవలము కల్పితములు మూడవ బుట్ట. ఇట్లు వేఱు చేయనిచో, వైజ్ఞానిక కథ చదివినవాడు కల్పనను శాస్త్రమని పదిమందిలో చెప్పి నవ్వులపాలగును.

ఇక కథ. ఇంగ్లీషు ప్రతి 1967వ సంవత్సరముతో ఆరంభమగును. అవి చీనాలో సాంస్కృతిక విప్లవము చెలరేగిన దినములు. 1966 మొదలు 1976 వఱకు సాగిన ఆ కల్లోలమున ఉపాధ్యాయులు, పండితులు బహిరంగముగా అవమానింపబడుట, కొట్టబడుట చరిత్రప్రసిద్ధము. కథలో ఒక భౌతికశాస్త్రాచార్యుని వేదిక నెక్కించి, ఐన్‌స్టైను సిద్ధాంతమును బోధించుట నేరమని నిలదీయుదురు. ఆయన భార్యయే ఆయనకు విరోధముగా మాటలాడును. నలుగురు బాలికలు, విద్యార్థినులు, తోలు పటకాలతో ఆయనను కొట్టి చంపుదురు. గుంపులో నిలిచి ఆయన కుమార్తె యె వెన్‌జియె ఇదియంతయు చూచును.

పెద్దలారా, నేను జీవితమంతయు పిల్లల నడుమ గడిపినవాడను. ఈ ప్రకరణము చదివి పుస్తకము మూసితిని. నాలుగు దినములు మరల తెఱువలేదు. ఆ పిల్లలు రాక్షసులు కారు. పదునాలుగు, పదునైదేండ్ల ఆడుపిల్లలు. వారిచేత ఆ పని చేయించిన పెద్దల మాట లెట్టివో యని చింతించుచుంటిని.

తరువాత ఆ కుమార్తెను ఉత్తరమున మంచు అడవులలో చెట్లు నఱకుటకు పంపుదురు. అచట ఒక విలేఖరి ఆమెకు స్నేహితుడై, ప్రభుత్వమునకు వ్రాసిన యుత్తరమును ఆమెచేత శుద్ధప్రతి వ్రాయించుకొని, ఆపద రాగా ఆ నేరమును ఆమెమీదనే త్రోయును. తండ్రి పోయెను, తల్లి విడిచెను, నమ్మిన మిత్రుడు మోసగించెను. తుదకు ఆమె ఖగోళశాస్త్రము చదివినదగుటచే కొండమీదనున్న ఒక రహస్య రేడియో కేంద్రమున పని కుదురును. అచటినుండి అన్యలోకములకు సందేశములు పంపుదురు.

ఇది రెండవ బుట్టలోని విషయమనుకొనకుడు, మొదటి బుట్టలోనిదే. 1974లో పోర్టోరికో ద్వీపమందలి అరెసిబో దూరదర్శినినుండి, సుమారు 25,000 కాంతిసంవత్సరముల దూరమునగల ఒక నక్షత్రగుచ్ఛమువైపు మానవులు నిజముగనే రేడియో సందేశమొకటి పంపిరి. ఆ దూరదర్శిని 2020 డిసెంబరులో కూలిపోయెను. సందేశము మాత్రము ఇంకను పోవుచునే యున్నది. నేనిచట పలుకు మాటలను మీ యింటికి తెచ్చు తరంగములవంటివే అవియును. వాని వేగము కాంతివేగము, సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు. ఇంతటి వేగముతో పోయినను మిక్కిలి సమీపమున నున్న నక్షత్రమును చేరుటకు నాలుగు సంవత్సరములకు పైగా పట్టును.

కథలో ఆ స్త్రీ సూర్యుని ప్రతిధ్వనింపజేసి తన సందేశమును కోట్లరెట్లు పెంచును. ఇది మూడవ బుట్ట. సూర్యుడట్టి పని చేయడు. ఎనిమిది సంవత్సరములకు జవాబు వచ్చును. ఆ జవాబు ఒక హెచ్చరిక. అవతలి లోకమున ఒంటరిగా కూర్చుండి ఆకాశమును ఆలించు శ్రోత యొకడు, తాను శాంతికాముడనని తెలిపి, మీరు మరల మాటలాడినచో మీ స్థానము తెలిసిపోవును, మావారు దండెత్తి వత్తురు, కావున పలుకకుడని వేడుకొనును. ఆమె దానిని చదివి, ఒక్కతెయే కూర్చుండి, మనుష్యజాతి తన్నుతాను బాగుచేసికొనజాలదు గావున రండని బదులిచ్చును. ఒక ఉపాధ్యాయుని చావునుండి లోకమునకు వచ్చిన యాపద ఇది.

ఆ లోకమునకు మూడు సూర్యులు. ఇచటనే మా అమ్మాయి చెప్పిన పంచాంగపు సంగతి వచ్చును. న్యూటను 1687లో ప్రకటించిన ఆకర్షణసూత్రముచే రెండు గోళములు ఒకదానినొకటి ఎట్లు తిరుగునో చక్కగా లెక్కింపవచ్చును. మూడవది వచ్చి చేరినంతనే లెక్క తెగదు. కొన్ని ప్రత్యేక సందర్భములందు తప్ప ఎల్లకాలమునకు పనికివచ్చు సుగమమైన సూత్రము లేదు. స్వీడన్ రాజు ఆస్కారు షష్టిపూర్తి సందర్భమున ఇట్టి ప్రశ్నకు బహుమానము ప్రకటింపగా, 1889లో ప్రెంచి గణితవేత్త పోంకారే దానిని గెల్చుకొనెను. అచ్చగుచుండగా తన వ్యాసమున తప్పున్నదని ఆయనయే గ్రహించి, సవరించి, మరల అచ్చు వేయించెను. బహుమానము 2500 క్రోనర్లు. పునర్ముద్రణకు ఆయన చెల్లించినది అంతకంటె హెచ్చు. ఆ సవరించిన వ్యాసమందే, ఆరంభమున వెండ్రుకవాసి తేడాయున్నను గమనము తుదకు గుర్తింపరానంత మాఱిపోవచ్చునను సత్యము బయటపడినది. తప్పు నొప్పుకొనుటవలన శాస్త్రము పెరిగినదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నేనెఱుగను. ఈ పోంకారే మాట మఱువకుడు. మరల దానితో పనియున్నది.

మన సూర్యకుటుంబమున ద్రవ్యమంతయు నూటికి 99 పాళ్ళకు పైగా సూర్యునియందే యున్నది. ఒక్క పెద్ద యున్న యింటివలె మన యాకాశము క్రమము తప్పదు. అందువలననే రాబోవు గ్రహణమును ఏండ్లకు ముందే నిమిషములతోసహా చెప్పగలుగుచున్నాము. తిథి, వారము, నక్షత్రము, ఏరువాక, కోతలు, పండుగలు అన్నియు ఈ క్రమముమీదనే నిలిచియున్నవి. ఇది యెంత భాగ్యమో అరువది దాటిన దనుక నాకు తట్టలేదు.

కథలోని ఆ లోకమున రేపు సూర్యుడు ఉదయించునో లేదో తెలియదు. ఒకప్పుడు ఏండ్లతరబడి స్థిరకాలము. ఒకప్పుడు మూడు సూర్యులును దూరమై అంతయు మంచుగడ్డ. ఒకప్పుడు దగ్గరకు వచ్చి నేల కరగిపోవును. ఆ జనులు ఆపత్కాలమున తమ దేహములందలి నీటిని విడిచి, తోళ్ళవలె చుట్టలు చుట్టుకొని గిడ్డంగులలో పడియుందురు; మంచికాలము రాగా నీట నానవేసిన మరల లేతురు. వారి చరిత్రయంతయు పంచాంగముకొఱకు పడిన పాట్లు. గ్రంథకర్త దీనిని ఒక యాటరూపమున చూపును. అందు ఒక చక్రవర్తి మూడుకోట్ల సైనికులను మైదానమున నిలిపి, వారిచేత నల్లజెండాలు, తెల్లజెండాలు ఎత్తించుచు, దించించుచు, ఆ సేననే గణనయంత్రముగా మార్చును. ముగ్గురేసి సైనికులు ఒక్కొక్క జట్టు. ఇద్దరి జెండాలు చూచి మూడవవాడు తన జెండా ఎత్తవలెను. నేటి కంప్యూటరు లోపల జరుగునదియు ఇదియే. పుస్తకములు పెక్కు తిరుగవేసినను నాకు బోధపడని సంగతి ఆ నాలుగు పుటలలో బోధపడినది. ఇంత చేసినను వారి లెక్క తప్పును. లోకము నశించును.

అట్టి జనులు స్థిరమైన సూర్యుడున్న లోకమొకటి కలదని విన్నప్పుడు ఆశపడుటలో వింత యేమి? వారు బయలుదేరుదురు. భూమిని చేరుటకు నాలుగువందల సంవత్సరములకు పైగా పట్టును.

రెండవ సంపుటమున గ్రంథకర్త ఒక వాదము నెలకొల్పును. ప్రతి జాతికిని బ్రతుకుటయే ప్రథమావసరము. జాతులు పెరుగుచుండును, విశ్వమందలి ద్రవ్యము పెరుగదు. నీవు మంచివాడవో కాదో నాకు తెలియదు. నేను నిన్ను మంచివాడవనుకొందునో లేదో నీకు తెలియదు. నేనట్లనుకొందునని నీవనుకొందువో లేదో నాకు తెలియదు. దీనిని ఆయన అనుమానపు గొలుసు అనును. దూరము అపారము, మాట పోయి రావలెనన్న తరములు గడచును. ఈలోపల బలహీనుడు బలవంతుడు కావచ్చును. కావున విశ్వము చీకటి అడవి, ప్రతివాడును విల్లెక్కుపెట్టిన వేటకాడు, కనబడినవానిని ముందుగా కొట్టుటయే క్షేమము. ఇదియే ఆకాశము నిశ్శబ్దముగా నుండుటకు కారణమని ఆయన తేల్చును.

శాస్త్రములు చదివినవారికి పూర్వపక్షమను మాట తెలియును. ఎదిరి వాదమును బలహీనముగా చెప్పి ఖండించుట పండితుని పని కాదు. ఎదిరికంటె బాగుగా చెప్పి, పిమ్మట ఆలోచింపవలెను. అట్లు చేయ యత్నించితిని. ఈ వాదమును త్రోసిపుచ్చుట సులభము కాదు. పొలము గట్టు తగవులు తీర్చిన మీకు ఈ గొలుసు క్రొత్త గాదు. ఒకడు పాములకు వెఱచి చేత కఱ్ఱ పట్టి రాత్రి పొలమునకు పోవును. పొరుగువాడది చూచి, తనకొఱకే యనుకొని గొడ్డలి తెచ్చును. ఆ గొడ్డలి చూచి మొదటివాడు మనుష్యులను పోగుచేయును. ఇద్దరును మంచివారే. తలలు పగులును.

ఆ ప్రకరణము చదువుచుండగా నా మనస్సు విశ్వమును విడిచి నా యింటికి వచ్చినది. ముప్పది సంవత్సరముల క్రిందట నాయొద్ద తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాడొకడు తఱచుగా పుస్తకములు తీసికొని పోవుచుండెను. ఒకనాడు పాఠశాలవారి శబ్దరత్నాకరము నా బల్లమీద కనబడలేదు. నేను వానిని దొంగ యనలేదు. తరగతిలో అందఱియెదుట "పుస్తకమేది నాయనా?" అని ఒక్కసారి అడిగితిని. పిమ్మట వానికి పుస్తకము లిచ్చుట మానితిని. మరుసటి యేడు వాడు బడికి రాలేదు. రెండేండ్లకు పాత ప్రశ్నోత్తరపత్రముల కట్టలక్రింద ఆ నిఘంటువు దొరికినది.

వాని ఊరు మా ఊరికి నాలుగు కోసుల దూరము. ఆనాడే పోవలసినది. పోలేదు. వాడు నన్ను ద్వేషించుచుండునని నేననుకొంటిని. పోయినచో లోకము మెప్పునకై వచ్చెననుకొనునేమో యని మఱియొక తలపు. ఇట్లు ఇరువదియెనిమిదేండ్లు గడచినవి. పోంకారే తన తప్పును అచ్చుకూటమునుండి వెనుకకు తెప్పించుకొనెను. నా తప్పు నాలుగు కోసుల దూరమున నలుగురికి తెలిసియుండగా, దానిని తెప్పించుకొనుటకు బస్సు టికెట్టుకు మించిన వ్యయము లేదు. రెండవ సంపుటము ముగిసిన మరునాడు బస్సెక్కితిని.

అతడిప్పుడు పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టు దుకాణము నడుపుచున్నాడు. నన్ను చూచి లేచి, చేతులు తుడుచుకొని, కుర్చీ వేసెను. ముందుగా నేను నోరు తెఱువకమునుపే "ఆ పుస్తకము దొరికినదా మాస్టారూ?" అని యడిగెను.

"దొరికి ఇరువదియెనిమిదేండ్లయినది నాయనా. చెప్పుటకు ఇప్పుడు వచ్చితిని" అంటిని.

చాలసేపు అతడేమియు పలుకలేదు. తీగ చుట్టుచునే యుండెను. పిమ్మట, "మీరింకను నన్ను దొంగ యనుకొనుచున్నారని మీ వీధిని రావలసివచ్చినను చుట్టు తిరిగి పోవుచుంటినండి" అనెను. చూచితిరా గొలుసు! అతడు నన్ను క్షమించెనో లేదో నేనడుగలేదు. బస్సువఱకు వచ్చి సాగనంపెను. నేను పోగొట్టినది అతని చదువు. అది మరల వచ్చునది కాదు.

ఈ యనుభవము తరువాత మరల పుస్తకమును మొదటినుండి తిరుగవేసితిని. అప్పుడు నాకు తోచినదిది: గ్రంథకర్త తన వాదమునకు జవాబును మొదటి సంపుటముననే పెట్టెను. శత్రులోకమున ఒంటరిగా కూర్చున్న ఆ శ్రోత మన ముఖము చూడలేదు. మన మంచిచెడ్డ లెఱుగడు. అయినను తన ప్రాణమునకు తెగించి హెచ్చరించెను. గొలుసు అభేద్యమే యైనచో అతడట్లు చేయరాదు. ఒక్కడు చేసెను గదా. నక్షత్రముల నడుమ దూరము తీర్పు చెప్పుచున్నది. కాని ఊరికి ఊరికి నడుమ అట్టి దూరము లేదు. పోయి అడుగవచ్చును. పోగలిగియు పోనివానికి చీకటి అడవి వాదము సమాధానము గాదు, సాకు మాత్రమే.

గ్రంథమున దోషములు లేకపోలేదు. రసదృష్టితో చూచినచో పాత్రలు బలహీనములు. భావములను తగిలించుటకు కొట్టిన మేకులవలె కొందఱుందురు. రెండవ సంపుటమున నాయకుడు ఊహించుకొన్న స్త్రీ బొమ్మవలెనే యుండును. మూడవ సంపుటమున సూర్యకుటుంబమంతయు పటమువలె పలుచనై నశించును; అది చదువుటకు గుండె దిటవు కావలెను. అయినను తుదిపుటలలో, మహావిశ్వమునకు చెందిన ద్రవ్యమును దానికి తిరిగి యిచ్చివేయవలసివచ్చినప్పుడు, చేపలు, మొక్కలు గల అయిదు కిలోల గోళమొకటి మాత్రము విడిచిపోవుదురు. అంత విధ్వంసము చెప్పినవాడు తుదకు చేపలను విడిచిపెట్టినాడని సంతోషించితిని.

మూడవ సంపుటము జ్యేష్ఠమాసమున ముగిసినది. ఆ రాత్రి పదిగంటల వేళ మా ఊరి చెఱువుగట్టుమీద నిలిచి దక్షిణమునకు చూచితిని. అచట నేలకు కొంచెము ఎత్తున రెండు ప్రకాశవంతములైన చుక్కలు ప్రక్కప్రక్కన నుండును. వానిలో ఎడమవైపుది, హెచ్చుగా వెలుగునది, ఈ కథకు ఆధారమైన నక్షత్రము. కంటికి ఒకటిగా కనబడినను అవి మూడు. మూడవది మిక్కిలి చిన్నది, కంటికి ఆనదు. వాస్తవమున పెద్దవి రెండును ఒకదానినొకటి దాదాపు ఎనుబదియేండ్ల కొకసారి చుట్టివచ్చుచు క్రమముగనే యున్నవి. మూడవది బహుదూరమున నుండుటచే కథలోని కల్లోలము అచట లేదు. మీరును వచ్చు జ్యేష్ఠమున చూడుడు. మీరు చూచు వెలుగు నాలుగేండ్ల క్రిందట బయలుదేరినది.

పెద్దలారా, పండుగకు ఇంటికి వచ్చిన పిల్లల చేతిలో ఇట్టి లావుపాటి పుస్తకము కనబడినచో పరిహసింపకుడు. "ఇందేమున్నదమ్మా?" అని అడుగుడు. కథ చెప్పించుకొనుడు. మీకు ఇంగ్లీషు రాకున్నను ప్రశ్న వేయుట వచ్చును గదా. మా అమ్మాయికి నేను ఇప్పుడు వారమువారము ఉత్తరము వ్రాయుచున్నాను. పూర్వము క్షేమసమాచారములు రెండు వాక్యములలో ముగిసెడివి. ఇప్పుడు నాలుగేసి పుటలు నిండుచున్నవి. అనుమానపు గొలుసును గూర్చి ఆమెకును నాకును ఇంకను అభిప్రాయభేదము కలదు. వాదము తీరలేదు, ఉత్తరములు వచ్చుచున్నవి.

సెలవు.